నిలవ బండి

గోడపత్రికకి ఈసారి "నేను నేర్చుకున్న పని" మీద ఏదైనా రాయమన్నారు మేడమ్. క్లాసులో సగం మంది వంటలు రాస్తున్నారని తెలిసి నేను మా నాన్న బండి గురించి రాస్తున్నాను. వంట కాకపోయినా ఇందులో కూడా నిలవ సంగతే ఉంది. మా అవ్వ పెట్టే చింతకాయ పచ్చడి నిలవ ఉంటే రుచి పెరుగుతుంది. పెట్రోలు నిలవ ఉంటే జిగురవుతుంది. ఈ తేడా తెలియక నేను ఒక ఆదివారం పొద్దున నలభై సార్లు కిక్ కొట్టాను. మరుసటి రోజు క్లాసులో కుంటుతూ నడిచింది అందుకే, బస్సులో కాలు తొక్కారని చెప్పింది అబద్ధం.

మాది పాత హీరో హోండా స్ప్లెండర్. 2011లో కొన్నది. పోయిన జూన్‌లో మా నాన్న మిద్దె మెట్ల మీద జారి కుడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రాడ్ వేశారు. ఆ రోజు సంపు పక్కన నిలబెట్టిన బండి సంక్రాంతి దాకా అక్కడే ఉంది. ఏడు నెలలు. వానలన్నీ దాని మీదే పడ్డాయి. తడవకూడదని నేను ప్లాస్టిక్ కవర్ కప్పాను, అది ఇంకా తప్పు అని తర్వాత తెలిసింది. కింద నేల చెమ్మ పైకి వచ్చి కవర్ లోపలే తిరుగుతూ ఉంటుంది, బయటికి పోదు. బండిని ఆవిరి మీద పెట్టినట్టే. గుడ్డ కవర్ అయితే గాలాడుతుంది.

సంక్రాంతికి వచ్చిన ఒకాయన బండి చూసి ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. "రిజిస్ట్రేషన్ కూడా ఈ ఏడాదితో 15 ఏళ్ళు నిండుతుంది కదా, ఎందుకు పెట్టుకోవడం" అన్నాడు. నాన్న "చూద్దాం" అన్నాడు. మా నాన్న చూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టే. నాకు కడుపులో ఏదోలా అయింది. పద్దెనిమిది నిండగానే నాన్న పట్టుబట్టి నాకు గేర్ బండి లైసెన్సే తీయించాడు. స్కూటీకి మాత్రమే లైసెన్స్ తీసుకుంటే ఇంట్లో ఉన్న బండి తొక్కలేవు అన్నాడు. ఇప్పుడు లైసెన్స్ ఉంది, బండి పోతోంది. అదీ నా నలభై కిక్కుల కథ.

ఆ తర్వాత వీధి చివరి మెకానిక్‌ని పిలిస్తే ఆయన ఒకసారి కిక్ కొట్టి చూసి, "ఇంజన్ పని ఉంది, ఆరు వేలు అవుతుంది" అని వెళ్ళిపోయాడు. ఎనిమిది వేల బండికి ఆరు వేల పని. నాన్న వాకిట్లో కుర్చీ వేయించుకుని, వాకర్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. "నిలిచిపోయిన బండికి ఇంజన్ యాడ పోతుంది? నిలిచిపోయింది పెట్రోలు. ముందు దాన్ని తియ్" అన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. అమెరికాలో మిన్నెసోటాలో ఉన్న మా పెద్దనాన్న కొడుకు ప్రతి ఏడాదీ చలికాలం ముందు బైక్‌ని గ్యారేజీలో పెట్టి, మంచు కరిగాకే బయటికి తీస్తాడు. వాళ్ళకి అదొక పండగ లాంటి పని. పెట్టే ముందే ట్యాంక్ నిండా పెట్రోల్ కొట్టిస్తారు, అది చెడకుండా ఒక మందు కలుపుతారు, ఇంజన్ ఆయిల్ మారుస్తారు, బ్యాటరీని విప్పి చార్జర్‌కి తగిలిస్తారు. ట్యాంక్ నింపడం ఎందుకంటే సగం ఖాళీ ఉంటే ఆ ఖాళీలో గాలి ఉంటుంది, గాలిలో చెమ్మ ఉంటుంది, అది రాత్రి చలికి ట్యాంక్ గోడల మీద నీటి చుక్కలవుతుంది. ఇనప ట్యాంక్ కాబట్టి తుప్పు. మన బెంగళూరు చలికి బండిని ఎవరూ లోపల పెట్టరు. మన బండ్లు చెప్పకుండా ఆగుతాయి. కాలు విరుగుతుంది, ట్రాన్స్‌ఫర్ అవుతుంది, పరీక్షలొస్తాయి, 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టినట్టు రాత్రికి రాత్రి ఊరంతా ఆగిపోతుంది. ఆ ఏడాది మా వీధిలో ఎన్ని స్కూటర్లు గాలి పోయి దుమ్ము పట్టి ఉన్నాయో నాకు గుర్తుంది. ఎవరూ ముందుగా ఏమీ చేసి ఉండరు. కాబట్టి వాళ్ళు ఆపేటప్పుడు చేసే పని మనం మళ్ళీ తీసేటప్పుడు చేయాల్సి వస్తుంది.

పెట్రోలు ఎందుకు చెడుతుంది? అది ఒకే పదార్థం కాదు, ఎన్నో ద్రవాల కలయిక. అందులో తేలికైనవి ముందు ఆవిరైపోతాయి. తొందరగా అంటుకునేవి కూడా అవే. మిగిలినవి గాలితో కలిసి మెల్లగా జిగురుగా మారతాయి. కొన్ని నెలలకే వాసన మారిపోతుంది, వార్నిష్ డబ్బా తెరిచినట్టు ఉంటుంది. దీనికి తోడు ఇప్పుడు మనం కొట్టించే పెట్రోల్‌లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. చెరుకు, మొక్కజొన్న, బియ్యం లాంటి వాటి నుంచి తీసే ఆల్కహాల్. ఈ ఈ-20 పెట్రోల్‌ని మొదట విడుదల చేసింది మన బెంగళూరులోనే, 2023 ఫిబ్రవరి 6న, ఇండియా ఎనర్జీ వీక్ సభలో. ఇథనాల్‌కి నీళ్ళంటే ఇష్టం. గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండికి ఇది సమస్య కాదు, నీరు చేరేలోపే పెట్రోలు అయిపోతుంది. నెలల తరబడి నిలబడితే నీరు ఎక్కువై, ఒక దశలో ఇథనాలూ నీరూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. బండి పెట్రోల్‌ని తీసుకునేది అడుగు నుంచే కదా.

ఇది నేను కళ్ళారా చూశాను. నాన్న చెప్పినట్టు ట్యాంక్ కింద ట్యాప్ నుంచి పైపు తీసి గాజు సీసాలోకి వదిలాను. కొంచెం పచ్చగా, మబ్బుగా వచ్చింది. పావుగంట కదపకుండా పెడితే రెండు పొరలయింది. అడుగున రెండు వేళ్ళ మందం వేరే రంగు. నేను నలభై సార్లు కిక్ కొట్టి ఇంజన్‌కి తాగించింది ఆ అడుగు పొర అన్నమాట.

ఈ పని చేసేటప్పుడు మా అమ్మ తులసి దగ్గర అగరుబత్తి వెలిగించబోయింది. నాన్న కుర్చీలోంచి అరిచిన అరుపుకి పక్కింటి వాళ్ళు బయటికి వచ్చారు. నవ్వు వచ్చినా సంగతి మాత్రం నవ్వులాట కాదు. పెట్రోల్ తీసేటప్పుడు నిప్పు, స్టవ్, స్విచ్ ఏదీ దగ్గర ఉండకూడదు, ఆరుబయటే తీయాలి. తీసిన పాత పెట్రోల్ మోరీలో పోయకూడదు. మెకానిక్ షాపుల్లో విడి భాగాలు కడుక్కోవడానికి తీసుకుంటారు, మాది అక్కడికే ఇచ్చాం.

తర్వాత ప్లగ్. దాన్ని విప్పే పానా బండితో వచ్చిన సంచిలోనే ఉంటుంది, పక్క కవర్ లోపల. మా ప్లగ్ తడిసి నల్లగా ఉంది. కిక్ మీద కిక్ కొడితే పెట్రోలు ప్లగ్‌ని తడిపేస్తుంది, తడిసిన ప్లగ్ దగ్గర నిప్పురవ్వ సరిగా పుట్టదు. మనం ఇంకా కోపంగా కొడతాం, అది ఇంకా తడుస్తుంది. కాబట్టి పది కిక్కులకి బండి రాకపోతే ఆపేయండి. ప్లగ్‌ని తుడిచి, ఉప్పు కాగితంతో మెల్లగా గీకి, సందు చూశాను. 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. మళ్ళీ క్యాప్‌లో పెట్టి, ప్లగ్ ఇనప ఒళ్ళు ఇంజన్‌కి ఆనేలా పట్టుకుని కిక్ కొడితే నీలం రంగు రవ్వ కనిపించాలి. ఇది పెట్రోల్ సీసా దూరంగా పెట్టాకే. మాకు ఎర్రగా, నీరసంగా వచ్చింది. కొత్త ప్లగ్ కొనాలి అన్నాడు నాన్న.

ప్లగ్ తీసిన ఆ కన్నంలోంచి నాలుగైదు చుక్కల ఇంజన్ ఆయిల్ వేయమన్నాడు. ఇది నాకు చాలా నచ్చిన పని. బండి నెలలు ఆగితే సిలిండర్ గోడల మీది నూనె అంతా కిందికి జారిపోయి ఉంటుంది. పొడి గోడల మీద పిస్టన్ ఒక్కసారిగా పరిగెడితే గీతలు పడతాయి. తాళం ఆఫ్‌లో పెట్టి, ప్లగ్ లేకుండా మెల్లగా ఏడెనిమిది సార్లు కిక్ తొక్కితే నూనె అంతటా పాకుతుంది. నా నలభై కిక్కుల ముందే చేయాల్సింది. అప్పటికే ఏమన్నా గీసుకుందా అని అడిగితే నాన్న "ఏం కాలేదులే మా" అన్నాడు, కానీ కిక్ బరువు చూడమని నా చేత రెండు సార్లు తొక్కించాడు.

ప్లగ్, కార్బురేటర్ క్లీనర్ స్ప్రే, ఇంజన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ కొనడానికి జె.సి. రోడ్డుకి వెళ్ళాను. బండి సామాన్లకి బెంగళూరులో ఆ రోడ్డుకి మించింది లేదు. ఒక్కో అంగట్లో కన్నడం, ఉర్దూ, తమిళం, తెలుగు అన్నీ ఒకే వాక్యంలో వినిపిస్తాయి, మన భాషాశాస్త్రం క్లాసు అక్కడ పెడితే బాగుంటుంది. ఒక అంగట్లో "మీ అన్నను పంపించమ్మా" అన్నారు. నాకు అన్న లేడు. పాత ప్లగ్ జేబులోంచి తీసి కౌంటర్ మీద పెట్టాను. మారు మాట్లాడకుండా అదే నంబర్‌ది ఇచ్చారు. మీరు కూడా పేర్లు బట్టీ పట్టాల్సిన పని లేదు, పాతది చేత్తో పట్టుకుని వెళ్ళండి. అన్నీ కలిపి 940 రూపాయలు అయింది.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే లోపల కొబ్బరి పీచు, చింపిన పేపరు ముక్కలు. ఎలుక కాపురం పెట్టి వెళ్ళిపోయింది. మా అమ్మ టార్చ్ పట్టుకుని "అయ్యో పాప" అంది, బండినా ఎలుకనా తెలియదు. నిలిచిన బండికి ఇది మామూలే. సీటు కింద వైర్లు కొరికి ఉన్నాయేమో చూడాలి, సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టి గూడు పెట్టాయేమో ఒక పుల్ల పెట్టి చూడాలి. మా వైర్లు బతికిపోయాయి.

ఇక కార్బురేటర్. అసలు రోగం ఇక్కడే ఉంటుంది, సాయంత్రమంతా దీనికే పట్టింది. పెట్రోలునీ గాలినీ సరైన పాళ్ళలో కలిపి ఇంజన్‌కి అందించే చిన్న గిన్నె ఇది. అడుగున ఒక లోటా లాంటిది ఉంటుంది, కొన్ని స్పూన్ల పెట్రోలు పడుతుంది. ట్యాంక్‌లో పెట్రోలు చెడడానికి నెలలు పడితే ఇక్కడ వారాలు చాలు, కొంచెమే ఉంటుంది కనుక తొందరగా ఆవిరై పాకం లాగా చిక్కబడుతుంది. ఆ పాకం వెళ్ళి కూర్చునేది జెట్‌లో. జెట్ అంటే సన్నటి కన్నం ఉన్న ఇత్తడి మర. బండి ఊరికే నిలబడి ఆడేటప్పుడు పెట్రోల్ ఇచ్చే స్లో జెట్ కన్నం అర మిల్లీమీటర్ కంటే సన్నం. అది మూసుకుంటే బండి అంటుకోదు, ఒకవేళ చోక్ లాగి అంటించినా చోక్ మూయగానే చచ్చిపోతుంది. మీ బండి ఇలా చేస్తోందంటే ఇంజన్ పోయిందని ఎవరు చెప్పినా నమ్మకండి, ముందు ఈ కన్నం చూడమనండి.

విప్పేటప్పుడు ఒక్కో మర ఏ చోటుదో పేపర్ మీద బొమ్మ గీసి, ఆ బొమ్మ మీదే పెట్టాను. ఎడమవైపు, కుడివైపు అని తెలుగులో రాసుకుంటుంటే అమ్మ కన్నడంలో చదవబోయి నవ్వింది. మూత తీశాక అడుగున తేనె రంగు జిగురు కనిపించింది. స్ప్రే కొట్టి నానబెట్టి తుడిస్తే పోయింది. స్లో జెట్‌ని దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే వెలుగు రాలేదు. నేను సూది తీసుకున్నాను. నాన్న "సూది వద్దు!" అన్నాడు. ఇత్తడి మెత్తనిది, సూది కన్నాన్ని పెద్దది చేస్తుంది, అప్పుడు జీవితాంతం ఎక్కువ పెట్రోలు తాగుతుంది. పాత వైరులోంచి ఒకే ఒక్క సన్న రాగి పోగు తీసి దూర్చాను. తర్వాత జెట్టును గుడ్డలో చుట్టుకుని పంక్చర్ షాపుకి వెళ్ళి గాలి కొట్టించాను. మళ్ళీ దీపానికి పెట్టి చూస్తే గుండుసూది మొన అంత వెలుగు. పరీక్ష ఫలితాలు చూసినప్పుడు కూడా నేను అంత సంతోషించలేదు.

మా అమ్మ వాళ్ళది మైసూరు. అక్కడి తాతకి యెజ్డీ ఉండేది, మైసూరులోనే ఐడియల్ జావా ఫ్యాక్టరీలో చేసింది. 1961 నుంచి 1996 దాకా నడిచిన ఫ్యాక్టరీ అది, ముందు జావా పేరుతో, 1973 నుంచి యెజ్డీ పేరుతో బండ్లు చేశారు. దాంట్లో పెట్రోల్‌లోనే నూనె కలిపి పోయాలి. పెట్రోలు ఎగిరిపోతే కార్బురేటర్‌లో నూనె ఒక్కటే మిగులుతుంది కనుక ఆ బండ్లవాళ్ళకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. ఎవరు బండి ఆపినా తాత ఒకటే అడిగేవాడు: "పెట్రోల్ ఆఫ్ మాడిద్యా?" చిన్నప్పుడు అది చాదస్తం అనుకున్నాం. వారం మించి ఊరెళ్ళేటట్టయితే ట్యాప్ ఆఫ్ చేసి, ఇంజన్‌ని దానంతట అదే ఆగిపోయేదాకా ఆడనివ్వాలి. అప్పుడు గిన్నె ఖాళీ అవుతుంది, జిగురుకి సరుకే ఉండదు. ట్యాప్ ఉన్న ఏ పాత బండికైనా ఇది పనికొస్తుంది. జూన్‌లో మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగే తీరిక ఎవరికీ లేదు.

కొత్త బండ్లు ఉన్నవాళ్ళకి ఒక మాట. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 వచ్చాక దాదాపు అన్ని బండ్లకీ కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. మీ యాక్టివాలో విప్పి తుడిచే గిన్నె లేదు. కానీ పెట్రోల్‌ని తోసే పంపు కరెంటుతో నడుస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఎంత కిక్ కొట్టినా కష్టమే. అందుకని మీరు మొదట చూడాల్సింది బ్యాటరీ. వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే ఖాళీ అవుతుంది, ఖాళీగా ఎక్కువ రోజులుంటే మళ్ళీ చార్జి పట్టదు. నిండుగా ఉంటే సుమారు 12.6 వోల్టులు చూపించాలి. సెలవులకి ఊరెళ్ళేముందు దాని మైనస్ వైరు విప్పి వెళ్ళినా చాలు. మాది పాత కిక్ బండి, నిప్పురవ్వకి కావలసిన కరెంటు ఇంజన్‌లో తిరిగే మాగ్నెట్ నుంచి వస్తుంది. బ్యాటరీ చచ్చినా అంటుకుంటుంది, హారన్, ఇండికేటర్లే పలకవు.

ఇంకొకటి. 2022 సెప్టెంబర్ వానలకి బెళ్ళందూరు వైపు ఎన్ని బేస్‌మెంట్లు మునిగాయో మీకు తెలుసు. నీళ్ళలో మునిగిన బండికి నేను చెప్పిన పద్ధతి పనికిరాదు. దాన్ని స్టార్ట్ చేయనే కూడదు. సిలిండర్‌లో నీరుంటే అది గాలిలాగా నలగదు, లోపలి రాడ్డే వంగుతుంది. అలాంటి బండి తోసుకుంటూ మెకానిక్ దగ్గరికే.

పాత ఇంజన్ ఆయిల్ వదిలేసి కొత్తది 900 ఎం.ఎల్. పోశాను. వానాకాలం చెమ్మ ఆయిల్‌లోనూ చేరుతుంది, నలుపులో కొంచెం కాఫీ నురగ రంగు కనిపించింది. టైర్లలో గాలి దాదాపు లేదు. ముందు 25, వెనక 28 పట్టించాలి, మీ బండికి వేరే అంకెలు ఉండొచ్చు. వెనక టైరు ఏడు నెలలు ఒకేచోట ఆనిన భాగం చదునుగా అయింది, సెంటర్ స్టాండ్ వేసి ఉంటే ఒకటైనా తప్పేది. వెనక బ్రేక్ తొక్కితే పెడల్ కిందే ఉండిపోయింది, లోపల తుప్పు. ఇది మాత్రం నేను చేయలేదు. బ్రేకుల పని చేతకానివాళ్ళు చేయకూడదని నాన్న పంక్చర్ షాపు అబ్బాయిని పిలిపించి డ్రమ్ విప్పించాడు.

రెండు లీటర్ల కొత్త పెట్రోల్ పోసి, ట్యాప్ ఆన్ చేసి, ఒక నిమిషం ఆగి, చోక్ లాగి కిక్ కొట్టాను. రాలేదు. రెండోదానికి ఏదో దగ్గింది. అమ్మ వంటింట్లోంచి "స్వల్ప నిధాన కణే" అంది. నాలుగో కిక్కుకి అంటుకుంది. తెల్లటి పొగ వచ్చి నేను భయపడ్డాను, అది ప్లగ్ కన్నంలో పోసిన నూనె చుక్కలు కాలుతున్న పొగ, రెండు నిమిషాల్లో పోయింది. గేట్ తీసి ఉంచే స్టార్ట్ చేశాం. మూసిన షెడ్డులోనో బేస్‌మెంట్‌లోనో ఎప్పుడూ ఇలా ఆడించకండి, ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది.

నాన్న ఏమీ అనలేదు. కళ్ళు మూసుకుని వింటున్నాడు. కాసేపటికి "ట్యాపెట్ సద్దు ఉంది, వచ్చే వారం చూద్దాం" అన్నాడు. ఈ "చూద్దాం" వేరే రకం. ఎనిమిది వేల ఆయనకి ఆ రాత్రే ఫోన్ చేసి వద్దన్నాడు.

రోడ్డు మీదికి వెంటనే తీసుకుపోలేదు. ఇన్సూరెన్స్ నవంబర్‌లోనే అయిపోయింది, పొగ సర్టిఫికెట్ కూడా. అవి రెండూ చేయించాకే హనుమంతనగర నుంచి గాంధీ బజార్ దాకా వెళ్ళొచ్చాను, రెండో గేర్‌లోనే ఎక్కువ. రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళు పొడిగించాలంటే ఆర్.టి.ఓ.లో బండిని చూపించాలి. దానికోసం హారన్ మోగాలి, కాబట్టి కొత్త బ్యాటరీ వేశాం, 1,050 రూపాయలు. బండి ఇప్పుడు మన కాలేజీ పార్కింగ్‌లో రెండో వరసలో, స్కూటీల మధ్య ఎత్తుగా కనిపిస్తుంది. ఎవరి బండైనా సెలవుల తర్వాత మొండికేస్తే గ్యాప్‌లో నన్ను పిలవండి, పానా నా బ్యాగ్‌లోనే ఉంది. రాగి పోగు కూడా.